ముక్కు పనిచేయని నన్ను మళ్ళీ పొడుల షెడ్డుకు పంపిన దేవుడు

ఒక రోజు మధ్యాహ్నం నా వంటగదిలో గ్యాసు లీకై గదంతా నిండిపోయి ఉంటే, నేను అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉన్నాను, సహోదరులారా! నాకేమీ తెలియలేదు. కాఫీ పెట్టుకుందామని పుల్ల తీశాను, గీయబోతున్నాను, అంతలో బడి నుంచి వచ్చిన నా కూతురు శాంతి గడపలో నుంచే "అమ్మా, గీయొద్దు! గ్యాసు, గ్యాసు!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చి నా చేతి మీద కొట్టింది, అగ్గిపెట్టె ఎగిరి నీళ్ళ బకెట్టులో పడింది. బిడ్డ కిటికీలు తెరిచి, సిలిండరు కట్టేసి, నన్ను వాకిట్లోకి లాక్కొచ్చి, గట్టిగా పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవను కూడా లేదు. ఈ ఇంట్లో నేనుండటమే నా బిడ్డకు ప్రమాదం అన్న ఒక్క మాట మనసులో పడింది, అది పడిన చోటే గట్టిపడిపోయింది. ఆ రోజు నుంచి చాలాకాలం నేను వంటగదిలో అడుగు పెట్టలేదు.

నా పేరు గ్రేసమ్మ. మాది పూతలపట్టు. మీలో చాలామంది నా పేరును పసుపుపచ్చ ప్యాకెట్ మీద చూసి ఉంటారు, గ్రేసమ్మ సాంబారు పొడి అని. ఆ గ్రేసమ్మను నేనే. ఇప్పుడు మీరు నవ్వుతున్నారు గానీ, ఆ పేరును అంగడిలో చూసి ముఖం పక్కకు తిప్పుకుని నడిచిన కాలం నాకుంది. ఆ కాలం గురించే ఈ పూట మీకు చెప్పాలని నిలబడ్డాను.

మా ఆయన యోహాను చిత్తూరు తిరుపతి రూటులో బస్సు కండక్టరు. పెళ్ళయిన కొత్తలో నేను ఇంట్లో సాంబారు పొడి కొట్టుకుంటే ఆ వీధంతా తెలిసేది. ధనియాలు, కందిబేడలు, మెంతులు, మిరియాలు, ఒట్టి మిరపకాయలు దేనికది విడిగా వేయించేదాన్ని, ఏది ఎప్పుడు దించాలో నా ముక్కే నాకు చెప్పేది. మా అమ్మకు అట్లాంటి ముక్కుండేది, నాకు ఆమె నుంచి వచ్చింది. మొదట సంఘంలోని ఆడవాళ్ళు అడిగారు, తరువాత మా ఆయన తన బస్సులో పొట్లాలు తీసుకెళ్ళి బస్టాండు అంగళ్ళలో ఇచ్చారు, తొంభైల మొదట్లో అట్లా మొదలైంది ఈ పని. చిత్తూరులో మునిరత్నం నాయుడు గారి పిండిమిల్లులో పొడి ఆడించుకునేదాన్ని. ఆయన మా విశ్వాసం వారు కాదు గానీ మంచి మనిషి, నన్ను చెల్లెలిలాగా చూసుకునేవారు. ఒకసారి మర దగ్గర నిలబడి, "ఏందమ్మా ఇది, మిల్లంతా గుమగుమలాడతా ఉండాది! దీన్ని పొట్లాల్లో కట్టుకోని తిరిగేది కాదు, ఒక షెడ్డేద్దాం," అన్నారు. అన్నట్టే బంగారుపాళ్యం రోడ్డులో షెడ్డు వేశారు, మరలు పెట్టారు, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు పనికి వచ్చారు. ప్యాకెట్ మీద ఎవరి పేరు పెడదామంటే, "ఎవురి సెయ్యో వాళ్ళ పేరే," అని ఆయనే నా పేరు వేయించారు.

అట్లా పొడి పలమనేరు దాకా, తిరుపతి దాకా, ఏర్పేడు దాటి పోయింది. ఆ రోజుల్లో నేను దేవుణ్ణి స్తుతించని పూట లేదు, స్తోత్రం!

ఒక వానపూట మా ఆయనా నేనూ స్కూటరు మీద చిత్తూరు నుంచి వస్తుంటే పూతలపట్టు మలుపులో బండి జారింది. మా ఆయనకు మోచేతులు గీరుకుపోయాయి. నా తల రోడ్డుకు తగిలింది. వేలూరులో ఆసుపత్రిలో కళ్ళు తెరిచాను. బతికినందుకు సంఘమంతా కృతజ్ఞతా కూడిక పెట్టింది, అందరూ పాటలు పాడారు, నేనూ పాడాను. ఇంటికొచ్చాక మా ఆయన కాఫీ పెట్టి ఇచ్చారు. తాగితే వేడినీళ్ళలో చక్కెర కలిపినట్టుంది.

"కాఫీ పొడి వేయడం మరిచిపోయినావా?" అని అడిగాను.

"ఏసినానే! గిన్నె నిండా ఏసినాను. యాల?"

గిన్నె తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. వంటగదిలోకి వెళ్ళి ఇంగువ డబ్బా మూత తీశాను, ఏమీ లేదు. మా పొడి ప్యాకెట్ చించి అరచేతిలో పోసుకుని ముఖమంతా అందులో పెట్టాను, తుమ్ములొచ్చాయి గానీ వాసన రాలేదు. నాలుకకు ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, కారం మండుతుంది, అంతే. వేలూరు డాక్టరమ్మ మెల్లగా చెప్పింది, తలకు తగిలిన దెబ్బకు వాసన తెలిసే నరాలు తెగిపోయాయి, కొందరికి వస్తుంది, చాలామందికి రాదు అని.

వాసన పోవడం ఒక జబ్బా అని మీకు అనిపించవచ్చు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను. కానీ సహోదరులారా, నా బిడ్డ తల దువ్వేటప్పుడు ఆ తల వాసన తెలియకపోతే నా బిడ్డ కాదేమో అనిపించేది! వాన పడితే మట్టి వాసన లేదు, మా ఆయన చొక్కా ఉతికితే సబ్బు వాసన లేదు, ఏది తిన్నా గడ్డి తిన్నట్టే ఉండేది. షెడ్డుకు వెళ్ళి వేయించే పెనం ముందు నిలబడితే ఎప్పుడు దించాలో తెలిసేది కాదు. దాచిపెట్టకుండా నాయుడన్నకు ఉన్నమాట చెప్పేశాను. ఆయన కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, "ఇంట్లో ఉండి బాగుపడు తల్లీ, ఆ తరవాత సూద్దాం," అన్నారు. ఆయన మేనల్లుడు హరి బెంగుళూరులో చదువుకుని వచ్చాడు, పని అతను చూసుకున్నాడు. నేను ఇంటికి వచ్చేశాను. ఆ తరువాత జరిగిందే ఆ గ్యాసు సంగతి.

అక్కడి నుంచి నేను చీకట్లోకి దిగిపోయాను. గుడికి పోవడం మానేశాను. వంట మా ఆయన, నా కూతురు చేసుకునేవారు. శాంతి బడికి పోయే ముందు అన్నం వండి, నా మంచం దగ్గర కంచం పెట్టి, "తిను మా," అని బతిమాలేది. తినకపోయినా నాకు ఆకలి తెలిసేది కాదు. ఎవరైనా పరామర్శకు వస్తే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ప్రార్థన చేయలేదా అంటే చేశాను, మొదట్లో ఉపవాసం ఉండి చేశాను, "ప్రభువా, నా ముక్కు నాకియ్యి, నా పని నాకియ్యి," అని. రాలేదు. రాకపోయేసరికి ఆ ప్రార్థన కూడా ఆపేశాను. నన్నిట్లా చేసిన దేవునితో నాకేం మాటలు అనుకున్నాను.

మా సంఘంలో మరియమ్మ అవ్వ అని ఒక ముసలామె ఉండేది. పొలం పనులు చేసి నడుం వంగిపోయిన మనిషి. ఆమె ప్రతి మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి నా మంచం పక్కన చాప వేసుకుని కూర్చునేది. వాక్యం చెప్పేది కాదు, బుద్ధులు చెప్పేది కాదు. ఆకూ వక్కా దంచుకుని నమిలేది, ఊరి సంగతులు చెప్పేది, పోయేముందు నా కాళ్ళ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని మనసులో ప్రార్థన చేసుకుని పోయేది. నేను పలకకపోయినా వచ్చేది. ఒక రోజు ఆమె ఆ ప్రార్థన గట్టిగా చేసింది. ఇప్పటికీ ఆ మాటలు నాకు అట్లాగే గుర్తున్నాయి.

"సామీ, ఈ పిల్ల ముక్కు నీకాడే ఉండాది. ఇస్తే ఇయ్యి, లేకపోతే నీకాడే పెట్టుకో, నీకేదో పనుంటాది దాంతో. ఈ పిల్లను మాత్రం మాకు ఇచ్చెయ్యి. ముక్కు లేకపోయినా మాకు సరిపోతాది."

సహోదరులారా, నాకు నవ్వొచ్చింది! ఎన్నాళ్ళ తరువాతో తెలియదు, మంచం మీద పడుకుని పకపకా నవ్వాను. దేవుడు నా ముక్కును పెట్టుకుని ఏం చేసుకుంటాడు అని నవ్వాను. అవ్వ కళ్ళు తెరిచి, "యాల నగతా ఉండావు?" అంది, అంటూ ఆమె కూడా బోసినోటితో నవ్వింది. నవ్వి నవ్వి ఆ నవ్వే ఏడుపయింది. గ్యాసు రోజు రాని ఏడుపు ఆ రోజు వచ్చింది, అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని చీకటి పడేదాకా ఏడ్చాను. ముక్కు లేని నేను కూడా ఎవరికో కావాలి అన్న మాట నాకప్పటిదాకా తట్టనే లేదు. లోపల బిగుసుకుపోయినది ఏదో ఆ ఒళ్ళో విడిపోయింది. ఆ రాత్రి నేనే లేచి నా బిడ్డకు అన్నం పెట్టాను. నా విడుదల అదేనని నేను నమ్ముతున్నాను, హల్లెలూయా!

ఆదివారం గుడికి వెళ్ళాను. అందరూ చూస్తున్నారని సిగ్గేసింది, అయినా వెళ్ళాను. వంటగదిలోకి కూడా మెల్లమెల్లగా అడుగుపెట్టాను, శాంతి ముందు వచ్చి గాలి చూసి "సరే మా" అన్నాకనే పొయ్యి వెలిగించేదాన్ని.

కొంత కాలానికి మామిడికాయల కాలం మొదలయ్యే ముందు నాయుడన్న మా ఇంటికి వచ్చారు. మనిషి చిక్కిపోయారు. కూర్చోమంటే అరుగు మీదే కూర్చుని, మంచినీళ్ళు తాగారు.

"గ్రేసమ్మా, మన పొడి ఎవురూ కొనడం లేదు," అన్నారు.

జరిగిందేమంటే, హరి మెంతులూ ఇంగువా తగ్గించి, నాసిరకం ధనియాలు కొని, వాటి బదులు ఏదో ఎసెన్సు కలిపాడు. ప్యాకెట్ తెరవగానే గుప్పున వాసన వచ్చేది, సాంబారులో వేసి కాగితే ఏమీ ఉండేది కాదు. ఒకసారి కొన్నవాళ్ళు రెండోసారి కొనలేదు. ఇప్పుడు బయటి ఊరి పెద్ద కంపెనీ వాళ్ళు ఆ పేరును మాత్రం కొంటామని వచ్చారు. పేరు తీసుకుని షెడ్డు మూసేస్తారు. మామిడి కాలం అయ్యాక జవాబు చెప్పమన్నారు.

"పనోళ్ళు అందరూ ఆడోళ్ళే, వాళ్ళంతా యాడికి పోవాల? నువ్వొచ్చి నడుపమ్మా. నీ సేతికే ఇస్తాను, హరి కూడా నువ్వు సెప్పినట్టే ఇంటాడు."

"అన్నా, నాకు వాసన తెలీదు కదన్నా. ఇంగువకీ ఇటికపొడికీ తేడా తెలీదు నాకు."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఒక్క మాట అన్నారు. "ముక్కులుండే వాళ్ళమంతా ఆడనే ఉన్న్యాం కదమ్మా. ఉండి ఏం సేసినాం?"

నేను వెంటనే వస్తానని చెప్పలేదు. మా ఆయనా నేనూ శాంతీ ముగ్గురం మోకాళ్ళ మీద ఉండి ప్రార్థించాం. నేను ఇట్లా ప్రార్థించాను: "ప్రభువా, ఈసారి ముక్కు అడగను. పోవాలో వద్దో చెప్పు. పొమ్మంటే నాతోకూడా రా, నువ్వు రాకపోతే నేను ఆ షెడ్డు గేటు దాటలేను." లేచాక ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు. మా ఆయన మాత్రం, "రేపు మొదటి బస్సు నాదే. ఎక్కుతావా?" అన్నారు. ఎక్కాను!

షెడ్డులో అడుగుపెడితే ఆడవాళ్ళంతా పని ఆపి లేచి నిలబడ్డారు. ప్యాకెట్లు కట్టే పాపమ్మ ఏడ్చేసింది. మరల దగ్గర పనిచేసే ఖాదర్‌బీ నా చేయి పట్టుకుని వదల్లేదు. హరి మాత్రం దూరంగా నిలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు, నాయన లేని పిల్లవాడు, మేనమామ దగ్గర మంచి పేరు తెచ్చుకోవాలని ఆరాటం. నేను ఎసెన్సు డబ్బాలు పక్కన పెట్టమన్నాను.

"అట్లయితే ప్యాకెట్ తెరిస్తే వాసనే రాదక్కా. జనం కొనరు," అన్నాడు.

"సాంబారు దించేటప్పుడు వస్తే సాలు అబ్బా."

"ఆ వాసన నీకు తెలుస్తాదా?"

అక్కడే కూర్చున్న నాయుడన్న కోపంగా లేవబోయారు, నేను ఆపాను. నిజం అడిగాడు కదా, నిజమే చెప్పాలి.

"తెలీదు నాయనా. నాకు తెలీదు. నీకు తెలుస్తాది, పాపమ్మకు తెలుస్తాది. మీరే నాకు సెప్పాల."

ఆ రోజు షెడ్డు బయట రెండు పొయ్యిలు పెట్టించాను. ఒక గిన్నెలో హరి పొడి, ఇంకొక గిన్నెలో మంచి సరుకు తెప్పించి పాత పద్ధతిలో వేయించి కొట్టిన పొడి వేసి సాంబారు కాచాలని. వేయించేటప్పుడు పాపమ్మను ఒక పక్క, ఖాదర్‌బీని ఇంకో పక్క నిలబెట్టుకుని, "ఇప్పుడెట్లా ఉండాది? ఇప్పుడు?" అని అడుగుతూ వేయించాను. ధనియాల చిటపట నా చెవులకు తెలుస్తూనే ఉంది, మెంతుల రంగు నా కళ్ళకు కనిపిస్తూనే ఉంది, మిగిలింది వాళ్ళు చెప్పారు. "దించక్కా, దించు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. దించాను. పొడి కొట్టి, రెండు గిన్నెల్లో సాంబారు కాచాక అందరం అన్నం పెట్టుకుని కూర్చున్నాం. ఏ గిన్నె ఏదని ఎవరికీ చెప్పలేదు. హరి తిని లేచి ఒక గిన్నె దగ్గరికి వెళ్ళి మళ్ళీ పోసుకున్నాడు. పోసుకుని వచ్చి చూస్తే అందరూ తన వైపే చూస్తున్నారు. అతను ఏ గిన్నెలో గరిటె పెట్టాడో అతనికే అప్పుడు అర్థమైంది. తల వంచుకుని, "బాగుండాదక్కా," అన్నాడు. నేను ఇంకాస్త వడ్డించాను.

నా ముక్కు బాగున్న రోజుల్లో ఆ పెనం దగ్గరికి నేను ఎవరినీ పిలవలేదు, పిలవవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు రోజూ ఇద్దరు ముగ్గురిని పక్కన నిలబెట్టుకుని పని చేయాల్సి వచ్చింది. అట్లా ఒక్కొక్కరే నేర్చుకున్నారు. నాకు జ్వరం వచ్చినా, నేను పెళ్ళికి పోయినా పొడి చెడిపోలేదు. ప్రతి ఉదయం మర తిప్పే ముందు నేను ప్రార్థన చేసుకునేదాన్ని, ఇష్టమైన వాళ్ళు వచ్చి నిలబడేవాళ్ళు, ఎవరినీ బలవంతపెట్టలేదు. ఖాదర్‌బీ తన పద్ధతిలో తను చేతులు పైకెత్తి దువా చేసుకునేది. ఆ తరువాతే మర తిరిగేది.

ఇక అంగళ్ళు మిగిలాయి. పొడి బాగుంటే సరిపోదు కదా, పోయిన నమ్మకం రావాలి. మా ఆయన బస్సులోనే నేను తిరుపతి వెళ్ళి, బస్టాండు దగ్గర అంగడి అంగడికీ ఎక్కి దిగాను. కొందరు కూర్చోమనలేదు కూడా. ఒక అంగడి ఆయన ప్యాకెట్ తిప్పి చూసి, "గ్రేసమ్మంటే నువ్వేనా? నిజంగా మనిషుండాదా? పేరు మాత్రమే అనుకున్న్యాం," అన్నాడు.

"ఉండానన్నా. జబ్బు చేసి పండుకోనుంటిని, లేచినాను. మధ్యలో పొడి బాగలేదు, అది నిజమే. ఇది తీసుకోని పోయి ఇంట్లో వదినమ్మకు ఇయ్యి. బాగుంటేనే అంగట్లో పెట్టు."

తీసుకున్నాడు. రెండు వారాలు ఏ కబురూ లేదు. ఒక సాయంకాలం మా ఆయన బస్సు దిగి ఇంటికి వస్తూ వీధి మొదట్లో నుంచే కేకవేశారు, "గ్రేసూ! ఆ బస్టాండు అంగడాయన బస్సు కాడికే వచ్చినాడు! పొడి పంపమన్న్యాడు, వాళ్ళింట్లో వేరే పొడి వద్దంటా ఉండారంట!" నేను వీధిలోనే నిలబడి స్తోత్రం చెప్పాను, పక్కింటివాళ్ళు ఏమైందోనని బయటికొచ్చారు.

మామిడి కాలం ముగిసేసరికి పొడి మునుపటంత పోలేదు, నేను గొప్పలు చెప్పను. కానీ అంగళ్ళ వాళ్ళే మళ్ళీ అడిగి తెప్పించుకోవడం మొదలైంది. పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చినప్పుడు నాయుడన్న వాళ్ళకు కాఫీ ఇచ్చి, "పేరు అమ్మేదానికి కాదు సామీ, ఆ పేరుగలామె లోపల పనిలో ఉండాది," అని పంపించేశారు. ఆ తరువాతి సంవత్సరాల్లో షెడ్డు పక్కన ఇంకొక షెడ్డు లేచింది, రసం పొడి కూడా మొదలుపెట్టాం. హరి ఇప్పుడు అంగళ్ళ పనంతా చూసుకుంటున్నాడు, నాకు కొడుకు లేని లోటు తీర్చాడు. మరియమ్మ అవ్వ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. పోయేముందు షెడ్డుకు తీసుకెళ్ళి చూపించాను, మర చప్పుడుకు చెవులు మూసుకుని, "ఇంత గలాటానా!" అని నవ్వింది.

మీలో కొందరు ఒక మాట కోసం ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. వాసన తిరిగి వచ్చిందా అని. రాలేదు, సహోదరులారా. ఈ రోజు వరకూ రాలేదు. ఈ మాట ఉన్న సాక్ష్యం చెప్పవచ్చునా అని నేను మా సంఘం పాస్టరు అయ్యగారిని అడిగాను కూడా. ఆయన, "జరిగింది జరిగినట్టు చెప్పమ్మా," అన్నారు. అందుకే చెబుతున్నాను. బాగుపడిన వాళ్ళ సాక్ష్యాలు విని నేను సంతోషిస్తాను, నా దేవుడు అది చేయగలడని నమ్ముతాను, ఇంకా కొన్నిసార్లు పొద్దున లేచి కాఫీ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటాను. ఏమీ ఉండదు. తాగి పనికి పోతాను. పోయేటప్పుడు నా మనసులో ఆ పాత చీకటి లేదు! మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ఆ గ్రేసమ్మను లేపి నిలబెట్టినవాడు ఆయనే, దానికి నేను సాక్షిని, నా కూతురు సాక్షి, మా ఆయన సాక్షి. ఘనత అంతా ఆయనదే!

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు తమ చేతులతో మొదలుపెట్టిన పనిని వదిలేసి ఇంట్లో కూర్చుని ఉంటారు. జబ్బు వల్లో, అవమానం వల్లో, ఇక నా వల్ల కాదన్న దిగులు వల్లో. అమ్మా, అయ్యా, నేను మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. కళ్ళు మూసుకోండి. ఆ పని పేరు మెల్లగా పెదవుల మీదకు తెచ్చి ఆయనకు చెప్పండి. మీ దగ్గర లేనిది ఏమిటో కూడా దాచకుండా చెప్పండి. రేపు తెల్లవారాక ఆ పని ఉన్న చోటికి, గేటు దాకా అయినా సరే, నడిచి వెళ్ళండి. మీకు ధైర్యం లేకపోతే నాతో చెప్పండి, నేను తోడొస్తాను. మా ఆయన బస్సు పొద్దున్నే ఉంటుంది.